చెవుల నట్టు జ్ఞానరాజు

జ్ఞానరాజుకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. లోకంలో ఏ వస్తువైనా సరే, తన చేత్తో బిగిస్తే తప్ప అది బిగిసినట్టు ఒప్పుకోడు. కంపెనీవాళ్ళు బిగించి సీలు వేసి పంపినా ఒప్పుకోడు. "బిగిసే ఉంది గదన్నా" అని ఎవరైనా అంటే, "ఉంటాదిలేప్పా. నాకు నమ్మకం ల్యా, ఇంగోతూరి చూస్తా" అంటాడు. ఆ ఇంగోతూరి అయిపోయాక ఆ వస్తువును మళ్ళీ విప్పగల మొనగాడు కర్నూలు టౌన్లో లేడు.

చుట్టాల ఇంటికి పోతే మంచినీళ్ళు తాగకముందే కొళాయి దగ్గరికి పోతాడు. ఆయన వెళ్ళిపోయిన తర్వాత ఆ ఇంటివాళ్ళు రెండు రోజులు పక్కింటి నుంచి నీళ్ళు తెచ్చుకుంటారు. సొంత ఇంట్లో ఊరగాయ జాడీ మూత ఆయన ఉంటేనే ఊడేది. ఒకసారి ఆలూరులో దగ్గరివాళ్ళ పెళ్ళికని మూడు రోజులు పోతే, ఆయన భార్య కృపమణి మూడు రోజులూ ఉత్త మజ్జిగన్నం తిన్నది. చర్చిలో మైకు స్టాండు ఊగుతోందని ఒక శనివారం తన ఎత్తుకు పెట్టి బిగించి వచ్చాడు. జ్ఞానరాజు పొట్టి, పాస్టరు పొడుగు. మరునాడు పాస్టరుగారు నలభై నిమిషాలు నడుం వంచి ప్రసంగం చేస్తే, ఇంత వినయం ఎవరికి వస్తుందని సంఘమంతా మెచ్చుకుంది.

ఇదంతా ఆర్టీసీ డిపోలో అబ్బిన విద్య. ముప్ఫై రెండేళ్ళు టైర్ల సెక్షన్లో బస్సు చక్రాలు బిగించి రిటైరయ్యాడు. ఆయన బిగించిన చక్రం ఒక్కటంటే ఒక్కటి ఊడలేదు. పంక్చరైనప్పుడు విప్పడానికి మాత్రం నలుగురు మనుషులు కావలసి వచ్చేది.

ఇలాంటి మనిషి చేతికి చిక్కాడు కిరణ్‌కుమార్.

కిరణ్‌కుమార్‌ది పాత టౌన్లో పెళ్ళి సామాన్ల వ్యాపారం. షామియానాలు, కుర్చీలు, స్టేజీలు అన్నీ ఆయనవే. నలభై ఆరేళ్ళు వచ్చినా, ఏ మాట విన్నా ముందు కాసేపు తల గీరుకుని ఆ తర్వాత అర్థం చేసుకునే రకం. పెళ్ళికొడుకులు ఇప్పుడు గుర్రం ఎక్కం అంటున్నారు, జీపు ఎక్కం అంటున్నారు, కొత్తదేదో కావాలంటున్నారు. అందుకని కోయంబత్తూరు వర్క్‌షాపులో చెప్పి ఒక ఎర్ర కారు చేయించుకొచ్చాడు. అరవై ఏళ్ళ నాటి స్పోర్ట్స్ కారు ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంటుంది. టాపు లేదు, రెండే సీట్లు, పొడుగాటి ముక్కు. సైకిలుకున్నట్టు చక్రాలకు చువ్వలు.

చిక్కంతా ఆ చక్రాలతోనే వచ్చింది. వాటికి బోల్టులు లేవు. ప్రతి చక్రానికీ నడిమధ్యలో ఒకే ఒక పెద్ద నట్టు, దానికి రెండు చెవులు. స్పానరుతో కాదు, ఆ చెవుల్ని సుత్తితో కొట్టి బిగించాలి. కర్నూల్లో మెకానిక్కులందరూ వచ్చి చూసి, సెల్ఫీలు దిగి వెళ్ళిపోయారు. చివరికి ఎవరో జ్ఞానరాజు పేరు చెప్పారు.

జ్ఞానరాజు వచ్చాడు. కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. చక్రం ముందర గొంతుక్కూర్చుని నట్టు మీద చెయ్యి వేశాడు.

"చక్రానికి ఒకటే నట్టా?"

"ఒకటేనన్నా."

"ఇది ఊడిందంటే ఇంగ పట్టుకునేదానికి ఇంగోటి ల్యా?"

"లేదన్నా."

జ్ఞానరాజు ముఖం వెలిగిపోయింది. తన లాంటి మనిషి కోసమే దేవుడు ఈ నట్టును చేయించినట్టు ఆనందపడిపోయాడు. కోయంబత్తూరు వాళ్ళు ఇచ్చిన కాగితం తిరగేసి, బొమ్మలు చూసి, పాఠం మొదలుపెట్టాడు.

"జూడప్పా. ఎడమపక్క చక్రాలది కుడి మర. కుడిపక్క చక్రాలది ఎడమ మర."

"ఎడమది కుడీ, కుడిది ఎడమా?"

"ఆ."

"ఎవురికన్నా ఎడమ? కార్లో కూచున్నోనికా, బయట నిలబడినోనికా?"

"కూచున్నోనికి."

"వాడు ఎనక్కి తిరిగి కూచుంటే?"

"ఎనక్కి తిరిగి కూచోని కారు యాడన్నా నడుపుతారా? అదంతా ఇడ్సిపెట్టు. యా పక్కైనా సరే, పైనుండే చెవిని కారు ఎనకవైపుకు కొడితే బిగుస్తాది. ముందువైపుకు కొడితే ఊడుతాది. సరిగ్గా బిగిస్తే బండి పోయేకొద్దీ నట్టు దానంతట అదే బిగుసుకుంటాది. మరలు తారుమారైతే పోయేకొద్దీ వదులైతాది. ఇంతే."

కిరణ్‌కుమార్ తల ఊపాడు. ఎడమ, కుడి, ముందు, వెనక నాలుగూ కలిసి బుర్రలో గానుగాడుతున్నాయి. మరిచిపోకుండా అరచేతిలో రాసుకున్నాడు. మరునాడు ఏ అరచేతిలో రాసుకున్నాడో మరిచిపోయాడు, అప్పటికే స్నానం కూడా అయిపోయింది.

సుత్తి దగ్గర ఇంకో గొడవ. కిరణ్‌కుమార్ షామియానా మేకులు కొట్టే ఇనప సుత్తి తెస్తే జ్ఞానరాజు దాన్ని గోడవతలికి విసిరేశాడు. "ఇనుముతో కొడితే చెవులు పగిలిపోతాయి. మెత్తందానితో కొట్టల్ల." టైర్ల షాపులన్నీ తిరిగి, చక్రాలకు బరువు సరిచేయడానికి వేసే పాత సీసం ముక్కలు ఏరుకొచ్చాడు. వాటిని కరిగించి, పాలపొడి డబ్బాలో పోసి, తుమ్మకర్ర పిడి దిగ్గొట్టి, సీసం సుత్తి తయారుచేశాడు. జాకీ ఎత్తి చక్రం గాల్లో ఉండగా కృపమణి కార్లో కూచుని బ్రేకు తొక్కి పట్టుకోవాలి. ఈయన చెవిని కొడతాడు. దబ్, దబ్, దబ్. శబ్దం గట్టిపడి, నట్టు ఇక కదలనప్పుడు ఆపి, చక్రం దించి మళ్ళీ కొడతాడు. తర్వాత నట్టుకూ, చక్రం నడిమధ్య ఉండే హబ్బుకూ కలిపి ఒక గీత గీస్తాడు, నట్టు కదిలిందంటే గీత తెగుతుంది. ఆ గీత గీసేది గోళ్ళ రంగుతో. అరవై మూడేళ్ళ మనిషి ఫ్యాన్సీ స్టోర్‌లో నిలబడి పద్నాలుగు రంగులు బొటనవేలి మీద పూసి చూసుకుని, గులాబీ రంగు ఖాయం చేసుకుని వస్తే, ఆ షాపాయన వారం రోజులు అందరికీ చెప్పుకున్నాడు.

ఇక్కడ ఇంకో మనిషిని చెప్పాలి. కిరణ్‌కుమార్ తల్లి రాజ్యలక్ష్మమ్మ. డెబ్భై రెండేళ్ళు. ఆమె చెల్లెలు రాయచోటిలో ఉంటుంది. ఆ చెల్లెలి మనవరాలు శ్రీవాణి పెళ్ళి. ఆరోజు సాయంత్రం ఆరింటికి పెళ్ళికొడుకు తేజేశ్వర్ ఊరేగింపు, అందుకు మన ఎర్ర కారే పోవాలి. కానీ రాజ్యలక్ష్మమ్మ మాత్రం ఆరేళ్ళుగా కర్నూలు పొలిమేర దాటలేదు. ఎవరు పిలిచినా ససేమిరా అంటుంది.

"ఏసీ కారు, నున్నటి రోడ్డు. ఏంటికమ్మా రానంటావు?" అని కిరణ్‌కుమార్ అడిగితే, సోమవారం మోకాళ్ళు అంది. మంగళవారం ఎండ అంది. బుధవారం తులసికోటకు నీళ్ళెవరు పోస్తారంది. "నేను మనిషిని పెడతా" అంటే, "నీ మనిషి పోస్తే తులసెమ్మ తాగదు" అంది.

చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, పుట్టింటోళ్ళలో నాకు మిగిలింది నువ్వొక్కదానివే. ఈతూరి గూడా రాకుంటే నేను పందిట్లో అడుగుపెట్టను, చూస్కో." రాజ్యలక్ష్మమ్మ ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కిరణ్‌కుమార్ గుమ్మంలో నిలబడి చూశాడు. పోవాలని ఉండి ఏడుస్తున్నదా, పోమంటున్నారని ఏడుస్తున్నదా? పోవాలని ఉంటే పోవచ్చు గదా? ఎంత ఆలోచించినా ఆయనకు కొనా మొదలూ దొరకలేదు.

ఆ వారంలోనే ఒకరోజు జ్ఞానరాజు, కృపమణి ఇంటికి వచ్చారు. జ్ఞానరాజు గేటు మరలు బిగిస్తూ ఉండిపోయాడు. పెరట్లో ఆడవాళ్ళిద్దరూ గంటసేపు గుసగుసలాడుకున్నారు. మరునాడే జ్ఞానరాజు మాయం. రెండు రోజులకు తిరిగొచ్చాడు.

"యాడికి పోయింటివన్నా?"

"రాయచోటికి. రోడ్డు చూసుకోనొస్తి. నేనూ కృపమణీ, బస్సులో."

"రోడ్డు చూసేదానికి ఇద్దరేంటికి?"

"ఒకపక్క నేను చూస్తి, ఇంగోపక్క ఆమె చూసె." జ్ఞానరాజు గొంతు సవరించుకున్నాడు. "ఇంగ మూడు షరతులుండాయప్పా. కారును లారీ మీద పంపకూడదు. లారీ ఎక్కితే అది సామానైతాది, కారు గాదు. నేనే నడుపుకోనొస్తా. రెండోది, నువ్వు నీ కార్లో నా ఎనకనే రావల్ల. మూడోది, నీ పక్కన అమ్మ కూచోవల్ల."

"అమ్మ ఏంటికన్నా?"

"నా చక్రాలు ఊగుతాండాయా లేదా ఎనకనుంచి చూసేదానికి."

"నేను చూస్తా గదా."

"నువ్వు రోడ్డు చూస్తావు. అమ్మ చక్రం చూస్తాది."

"అమ్మకు శుక్లాల ఆపరేషనాయె."

"అయితే ఇంగా బాగా కనపడతాది."

ఇది జరిగే పని కాదనుకుంటూనే కిరణ్‌కుమార్ తల్లికి చెప్పాడు. ఆమె ఒక్క మాట ఎదురు చెప్పకుండా, "సరేలే నాయనా, ఆయప్ప అంతగా అడుగుతాంటే," అని పట్టుచీర తీసి మడతలు విప్పుకుంది. మోకాళ్ళు ఏమయ్యాయో, తులసమ్మ దాహం ఏమయిందో కిరణ్‌కుమార్‌కు అంతుపట్టలేదు.

ప్రయాణం రోజు తెల్లవారింది. కొత్త బండి తొలి ప్రయాణం. కిరణ్‌కుమార్ స్నానం చేసి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టాడు. బొట్లు పెడుతుంటే ఒక ఆలోచన వచ్చింది. జ్ఞానరాజన్న వస్తే నట్లు చూడ్డానికి గంట తింటాడు, ఆ పనేదో మనమే చేసేస్తే పోలా? ఏ పక్కకు కొట్టాలో మాత్రం గుర్తులేదు. గుర్తు లేకపోతేనేం? గుళ్ళో ప్రదక్షిణం కుడిచుట్టే, హారతి కుడిచుట్టే, దిష్టి తీసినా ముందు కుడిచుట్టే. శుభమైనదేదీ ఎడమకు తిరగదు. దేవుణ్ణి తలుచుకుని, సీసం సుత్తితో నాలుగు నట్లకూ కుడిచుట్టుగా మూడేసి దెబ్బలు వేశాడు. జ్ఞానరాజు బిగించినవైనా, కుడిపక్క రెండు నట్లు మూడో దెబ్బకు తిరిగేసరికి పూజ ఫలించిందనుకున్నాడు.

ఏడింటికి జ్ఞానరాజు, కృపమణి వచ్చారు. పూజ అయ్యేదాకా జ్ఞానరాజు టోపీ తీసి చేత్తో పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. తర్వాత వంగి గోళ్ళ రంగు గీతలు చూశాడు. లేచాడు. మళ్ళీ వంగాడు.

"నట్లు ఎవురు ముట్టినారు?"

"నేనేనన్నా. కొంచెం బిగిస్తి."

"యా పక్కకు?"

"కుడిచుట్టు. ప్రదక్షిణం మాదిరి."

జ్ఞానరాజు కుడిపక్కకు పోయి ఆ రెండు నట్లూ చేత్తో తడిమాడు. "ఎడమపక్క రెండూ బిగిసినాయి. కుడిపక్క రెండూ ఊడదీసినావు. పూజ నీది, నట్టు నాది. నేను నీ పూజలో ఏలు పెట్టినానా? ఇట్లే బయల్దేరింటే ఓర్వకల్లు దాటినాక చక్రం మనకంటే ముందు రాయచోటికి పోతాండె."

కిరణ్‌కుమార్ పరుగెత్తి జాకీ తెచ్చాడు. కృపమణి బ్రేకు తొక్కింది, జ్ఞానరాజు నాలుగూ మొదటి నుంచి బిగించాడు. ఎనిమిదయింది. ఇంత పని చేసిన తర్వాత, ఆయన దారిలో ఎక్కడ ఆపినా ఎందుకని అడిగే మొఖం తనకు లేదని కిరణ్‌కుమార్‌కు అప్పుడే అర్థమైంది. ఆరోజు ఆయనకు వెంటనే అర్థమైంది అదొక్కటే.

ముందు ఎర్ర కారు, అందులో జ్ఞానరాజు, పక్కన తలకు కొంగు బిగించి ఒళ్ళో సుత్తి పెట్టుకున్న కృపమణి. వెనక కిరణ్‌కుమార్, తల్లి. స్పీడు యాభై దాటదు. లోడు లారీలు కూడా హారన్ కొట్టి దాటిపోతున్నాయి. ఓర్వకల్లు దగ్గర పెట్రోలు బంకులోకి ఎర్ర కారు మళ్ళింది.

"తొలి పరీక్ష," అన్నాడు జ్ఞానరాజు. బంకు మేనేజరు కంబన్న ఎప్పటినుంచో ఎదురుచూస్తున్నట్టు తాళంచెవి పట్టుకుని బయటికి వచ్చాడు. కృపమణి దిగి, "రాండమ్మా, కాళ్ళు సాపుకుందురు," అని రాజ్యలక్ష్మమ్మను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. జ్ఞానరాజు నాలుగు నట్లూ కొట్టి చూశాడు. ఒక్కటీ కదలలేదు.

ముప్పావుగంటకు పాణ్యం దాటినాక మళ్ళీ ఆగింది, ఒక చిన్న చర్చి ఆవరణలో. మళ్ళీ సుత్తి, మళ్ళీ దబ్ దబ్, ఏదీ కదలలేదు. నంద్యాల దాటినాక భీమక్క హోటలు దగ్గర ఆగింది. భీమక్క బయటికొచ్చి, "వస్తిరా? పొద్దున్నుంచి చూస్తాండా," అంది. దబ్ దబ్. కిరణ్‌కుమార్ గడియారం చూసుకున్నాడు. ఆరింటికి పెళ్ళికొడుకు ఊరేగాలి. ఇంకా సగం దారి కూడా కాలేదు. ఈ హోటలామె వీళ్ళ కోసం పొద్దున్నుంచి ఎందుకు చూస్తోంది?

నోరెండిపోయి నీళ్ళు తాగుదామని బాటిల్ తీశాడు. మూత రాలేదు. పళ్ళతో లాగాడు, పంచె చెంగు చుట్టి తిప్పాడు, రాలేదు. పొద్దున ఆ బాటిళ్ళు కార్లో పెట్టింది జ్ఞానరాజు. పక్కన తల్లి తన బాటిల్ మూత రెండు వేళ్ళతో తిప్పి గటగటా తాగుతోంది.

"నీదెట్ల వచ్చెమ్మా?"

"ఏమో నాయనా. నాది వదులుగానే పెట్టినాడు."

జ్ఞానరాజు ఒక మూతను వదులుగా వదిలాడా? కిరణ్‌కుమార్‌కు ఎండదెబ్బ తగిలిందేమోనని అనుమానం వచ్చింది. అంతకన్నా వింత, కారెక్కితే గొంతు కూడా తడుపుకోని తల్లి ఈరోజు రెండో బాటిల్ మొదలుపెట్టింది.

ఆళ్ళగడ్డ బస్టాండు. చాగలమర్రి దాటినాక ఒక బడి. మైదుకూరు దగ్గర ఏడో... ఆరో... లెక్క కూడా తప్పిపోయింది. అక్కడ కిరణ్‌కుమార్ ఇక ఉండబట్టలేక కోయంబత్తూరుకు ఫోన్ కలిపాడు.

"నట్లు ఎన్నిసార్లు చూడాల సార్?"

"తొలి నలభై కిలోమీటర్లకు ఒకసారి. మళ్ళీ వంద దాటాక ఒకసారి. గీత తెగకపోతే ఇక ముట్టుకోనక్కర్లేదు."

రెండు సార్లు! కిరణ్‌కుమార్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. విసవిసా పోయేసరికి జ్ఞానరాజు జేబులోంచి గోళ్ళ రంగు సీసా తీస్తున్నాడు. దాంతోపాటు ఒక చీటీ కింద పడింది. కిరణ్‌కుమార్ తీసి చదివాడు.

"ఓర్వకల్లు – తాళం కంబన్న దగ్గర. చర్చి – గడియ లూజు, బిగిస్తి. భీమక్క – కొత్తది, మెట్లు రెండు, చెయ్యి పట్టుకోవల్ల. ఆళ్ళగడ్డ – శుభ్రం. బడి – నీళ్ళు బకెట్లో పెట్టమని చెప్తి."

కిరణ్‌కుమార్ రెండుసార్లు చదివాడు. ఎర్ర కారులో గడియ ఎక్కడుంది? మెట్లు ఎక్కడున్నాయి? బకెట్లో నీళ్ళెందుకు, రేడియేటర్‌కా?

"అన్నా, ఇదేంది?"

జ్ఞానరాజు చీటీ లాక్కున్నాడు. "రోడ్డు లెక్క."

"కోయంబత్తూరోళ్ళు రెండుతూర్లు చాలంటాండారు."

"వాళ్ళకు మన రోడ్డు ఏం తెలుసప్పా? నాకు నమ్మకం ల్యా. పా, పొద్దుపోతాంది."

కడపలో ఒకసారి, గువ్వలచెరువు ఘాటు ఎక్కాక పాలకోవా అంగడి దగ్గర ఇంకోసారి. ఎక్కడా నట్టు వెంట్రుకవాసి కదల్లేదు. జ్ఞానరాజు ఒక్కో నట్టునూ ఉత్తుత్తిగా తట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆడవాళ్ళు తిరిగొచ్చేదాకా ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. కిరణ్‌కుమార్ కాలు గాలిన పిల్లిలా తిరిగాడు. చివరికి ఐదుంబావుకు రాయచోటి చేరారు.

రాజ్యలక్ష్మమ్మ కారు దిగీ దిగకముందే చెల్లెలు పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది. ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. కిరణ్‌కుమార్ పెట్టెలు దించుతూ వెనకనే ఉన్నాడు. ఆయన ఉన్నట్టు వాళ్ళు గమనించలేదు.

"ఆరేండ్లు రాందానివి, ఎట్లొస్తివక్కా ఇంత దూరం?"

"ఏం చెప్పేది నీకు. చక్కెర జబ్బు వచ్చినకాణ్ణుంచి అరగంటకోతూరి బాత్రూముకు పోవల్ల. కన్నకొడుకైనా మొగోడు, ఆపు నాయనా, ఆపు నాయనా అని ఎన్నితూర్లు అడిగేది? పోయినతూరి ఒకసారి చెప్తే, 'ఇంగో అరగంటలో నంద్యాలమ్మా' అనె. నీళ్ళు మానేసి కూచుంటే కళ్ళు తిరిగిపడితి. వాడు ఎండదెబ్బ అనుకునె. అప్పుడే ఒట్టు పెట్టుకుంటి, ఇంగ యాడికీ పోనని. ఈ మాట ఆ కృపమ్మకు చెప్పుకోని ఏడిస్తి. ఆమె మొగుడు ఏం జేసినాడో ఏమో, ముప్పావుగంటకోతూరి కారు ఆపె. ఆపిన కాడల్లా కడిగిన బాత్రూము. నేను ఒక్కతూరి నోరు తెరిచి అడగల్యా."

కిరణ్‌కుమార్ పెట్టె దించి పెట్టాడు. గడియ, రెండు మెట్లు, బకెట్లో నీళ్ళు, అన్నీ వరసగా వచ్చి ఆయన బుర్రలో వాటి వాటి చోట్లలో కూచున్నాయి. తల్లి ఆరేళ్ళుగా మోకాళ్ళని, తులసి అని చెప్తుంటే నమ్మి ఊరుకున్న తన తెలివికి ఆయనకు చచ్చేంత సిగ్గేసింది.

నేరుగా ఎర్ర కారు దగ్గరికి పోయాడు. జ్ఞానరాజు పూలదండలు కడుతున్నవాళ్ళను పక్కకు తోసి చక్రం చూస్తున్నాడు.

"అన్నా, అవన్నీ అమ్మ కోసం ఆపితివా?"

"అమ్మ కోసం ఏందప్పా? నట్టు కోసం."

"చీటీ చూస్తి గదన్నా."

"రోడ్డు లెక్క అని చెప్తిగా!" జ్ఞానరాజు ముఖం ఎర్రబడింది. అదివరకు ఏ వస్తువూ జారని ఆయన చేతిలోంచి సుత్తి జారిపోయింది.

కృపమణి నవ్వింది. "ఆయప్పను అడిగితే చెప్పడులేప్పా. డిపోలో ఉన్నప్పుడూ ఇదే పని. స్పెషల్ బస్సుల మీద మెకానిక్కుగా పోతే, ఆడోళ్ళ మొఖాలు చూసి, 'నట్టు సౌండొస్తాంది, ఆపు' అని డ్రైవరు మీద అరిచేటోడు. బాగుండే నట్టును అరగంట కొట్టేటోడు. బాత్రూములు లోపల ఎట్లుండాయో చూసేదానికి ఈతూరి నన్ను గూడా రెండు దినాలు బస్సుల్లో తిప్పె."

"నువ్వు ఊరుకో," అన్నాడు జ్ఞానరాజు.

ఆరింటికి కిరణ్‌కుమార్ స్టీరింగ్ పట్టగా ఊరేగింపు కదిలింది. తేజేశ్వర్ తలపాగాతో ఎర్ర కారులో కూచుంటే రాయచోటి బజారంతా మేడల మీదికెక్కి చూసింది. కారు పక్కన చక్రాన్నే చూస్తూ సుత్తితో జ్ఞానరాజు నడిచాడు. ఫోటోగ్రాఫర్ దండం పెట్టి పక్కకు రమ్మన్నా రాలేదు. పెళ్ళి ఆల్బంలో పెళ్ళికూతురు లేని ఫోటోలున్నాయి గానీ, సుత్తి లేని ఫోటో లేదు. పందిట్లో అక్కాచెల్లెళ్ళిద్దరూ పక్కపక్కనే కూచుని ఒకే ఆకులో లడ్డూ తుంచుకున్నారు.

పెళ్ళయిన మూడో రోజు ఉదయం తిరుగు ప్రయాణం. ఎర్ర కారు ఇంకా గువ్వలచెరువు పాలకోవా అంగడి దగ్గరికి రాకముందే, వెనకనుంచి కిరణ్‌కుమార్ ఒకటే హారన్. జ్ఞానరాజు కంగారుగా ఆపి దిగాడు.

"ఏమప్పా? ఏమైంది?"

"కుడిపక్క ఎనక చక్రం ఏందో సౌండొస్తాండాదన్నా."

జ్ఞానరాజు వంగి చూశాడు. గులాబీ గీత నిక్షేపంగా ఉంది. చెవి ఆనించి విన్నాడు. "నాకేం ఇనపల్యా."

"లేదన్నా. శానా సౌండొస్తాంది. ఆ ముందర అంగడి కాడ ఆపుదాం, నేను పొద్దున్నే ఫోన్ చేసి తాళం తీయమని చెప్తి."

జ్ఞానరాజు తల ఎత్తి చూశాడు. వెనక కార్లో రాజ్యలక్ష్మమ్మ కిటికీ వైపుకు ముఖం తిప్పుకుని నవ్వు ఆపుకుంటోంది. జ్ఞానరాజు మళ్ళీ వంగి, ఇంకోసారి చెవి ఆనించాడు.

"ఔనప్పా. వస్తాంది. పెద్ద సౌండే."

అంగడి దగ్గర ఆడవాళ్ళు దిగి పోయారు. కిరణ్‌కుమార్ సీసం సుత్తి అడిగి తీసుకుని, ఎడమా కుడా అని ఆలోచించకుండా, పైచెవిని కారు వెనకవైపుకు మెల్లగా రెండు తట్లు తట్టాడు. నట్టు కదల్లేదు. జ్ఞానరాజు తల పంకించాడు. ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకుని ఆకాశం చూస్తూ నిలబడ్డారు.

"అన్నా," అన్నాడు కిరణ్‌కుమార్ కాసేపటికి, "నా బాటిల్ మూత కొంచెం ఇప్పియ్యన్నా. మూడు దినాలైంది."

జ్ఞానరాజు మూత విప్పి ఇచ్చాడు. కిరణ్‌కుమార్ కడుపారా తాగి మూత పెట్టాడు. జ్ఞానరాజు చెయ్యి చాపాడు.

"ఇట్లియ్యి. నాకు నమ్మకం ల్యా, ఇంగోతూరి చూస్తా."